ఉద్వాసన లేని ఆవాహన

పురుషులను ఉత్తములనియు, మధ్యములనియు, అధములనియు పూర్వులు మూడు తెగలుగ విభజించిరి గాని, దేనినైనను కలుపుట తెలిసి విడదీయుట తెలియనివాడు ఈ మూటిలో దేనియందు చేరునో వారు సెలవీయలేదు. భారతమున ఈ జాతికి మూలపురుషుడుగా అశ్వత్థామ యొక్కడు కనబడుచున్నాడు. తాను విడిచిన అస్త్రమును అర్జునుడు మరలించుకొనగా, గురుపుత్రుడు మాత్రము ప్రయోగమే గాని ఉపసంహార మెరుగక, మహర్షుల సమక్షమున తెల్లమొగము వేయవలసివచ్చెను. ఆయన సంతతి మాట పురాణములు చెప్పలేదు. సంక్రాంతి దినములలో అల్లవరమునకు వచ్చి, ఏ పెంకుటింటి అరుగుపైనైన ఒక పూట కూర్చుండి చూచినచో, అది హైదరాబాదున స్థిరపడి, ఏటేట పండుగకు అత్తవారిండ్లకు వచ్చిపోవుచు, క్షేమముగ వర్ధిల్లుచున్నదని ఎవరికైనను తెలియగలదు.

అల్లుడుగారని నేనిచట పేర్కొనునది ఒక వ్యక్తిని కాదు, ఒక జాతిని. కనుక ఆయనకు పేరు లేదు, ఇంటిపేరు అంతకంటె లేదు. తెల్లవారుజామున అమలాపురములో బస్సు దిగి, ఆటో మాట్లాడుకొని, కాలువగట్ల మీదుగా కొబ్బరితోటల నడుమ అల్లవరము చేరువరకు ఆయన తక్కిన మానవులవలెనే యుందురు. కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, పడకకుర్చీ చూపి, అత్తగారు కాఫీకై లోనికి పోయిన ఆ రెండు నిమిషముల సందులో జాతిలక్షణము బయటపడును. ప్రయాణము సుఖముగా జరిగినదా యని మామగారు అడుగుట పూర్తికాకమునుపే, "వైఫై పాస్‌వర్డ్ ఏంటండీ మావయ్యగారూ?" అని అల్లుడుగారు అడుగుదురు. మామగారు లోనికి పోయి, పొలము దస్తావేజు లుంచిన ట్రంకుపెట్టెనుండి ఒక కాగితము తీసి తెచ్చి, కళ్లజోడు సవరించుకొని, అక్షర మక్షరము చదివి వినిపింతురు. పెండ్లినాడు శుభలేఖ చదివినపుడు కూడ ఆయన కంఠమున ఇంతటి గాంభీర్యము పలుకలేదు.

పిమ్మట ఆవాహనము. కొబ్బరి దింపుల సొమ్ముతో మామగారు కొనిన నలుబదిమూ డంగుళముల టీవీ హాలులో తూర్పుగోడ నలంకరించి యుండగా, అల్లుడుగారు సంచిలోనుండి గుండ్రని పరికర మొకటి తీసి దాని వీపున తగిలింతురు. అది క్రోమ్‌కాస్టు. 2013లో అమెరికాలో పుట్టి, మరుసటి యేడు డిసెంబరులో 2,999 రూపాయల వెలతో మన దేశమున అడుగిడి, 2024లో తయారీ ఆగిన వంశమునందు రెండవ తరము వాడు. ఫోనులో ఒక పెట్టె బొమ్మ, దాని మూలను వంపు గీతలు గల గుర్తు. దానిని నొక్కినంతనే ఫోనులోని బొమ్మ గోడ కెక్కును. అత్తగారు చేతి గరిటెతోనే వచ్చి చూచి, "మా అల్లుడుగారికి రాని విద్య లేదండీ!" అని పొరుగింటికి వినబడునట్లు మెచ్చుకొందురు.

నిజమున కందు ఫోను చేసిన పని అత్యల్పము. అది బొమ్మను మోయదు. ఫలానా దృశ్యము ఫలానా చోట నున్నది, పోయి తెచ్చుకొమ్మని పరికరమునకు చిరునామా చెప్పి తప్పుకొనును. అటుపై అంతర్జాలమునుండి దృశ్యమును తెచ్చుకొనునది పరికరమే గనుక, ఫోనును జేబులో వేసికొన్నను, దానిలో వేరొక పని చూచుకొన్నను, తుదకు దానిని కట్టివేసినను గోడమీది బొమ్మ ఆగదు. ఆపవలెనన్న ఆ గుర్తునే మరల నొక్కి, సంబంధము చాలు నని చెప్పవలెను. ఈ రెండవ నొక్కు అల్లుడుగారు చదివిన శాస్త్రములో లేదు.

కావున షేర్లలో ధనార్జన చేయు మార్గమును బోధించెడి రెండు గంటల ఉపన్యాసమును హాలులో ఆరంభించి, ఐదు నిమిషములు వినీ వినక, ఆయన బావమరిది మోటారుసైకి లెక్కి ఓడలరేవు సముద్రము చూడబోవుదురు. వైనతేయ సాగరమున గలియు చోట ఇసుకలో ఆయన ఫోటోలు దిగుచుండగా, ఇంట ఉపన్యాసకుడు గర్జించుచునే యుండును. టీవీ రిమోటు బల్లమీదనే యున్నది. నొక్కిన నిమిషములో ఇల్లు ప్రశాంతమగును. కాని నొక్కు సాహస మెవరికి? "అల్లుడుగారు పెట్టుకున్నారండీ, ముట్టుకోకండి!" అని అత్తగారి శాసనము. పుట్టి బుద్ధెరిగిననాటినుండి నేలను, కొబ్బరిచెట్టును తప్ప మరి దేనిని నమ్మని మామగారు, సాయంకాలపు వార్తలు మానుకొని, రెండు గంటలు చేతులు కట్టుకొని సర్వమును విని, చివర "బాగానే చెప్పాడండి" అని లేతురు. పెరటిలో అంట్లు తోము మనిషికి సైతము ఆ పండుగకు నిఫ్టీ యను పేరు నోటికి వచ్చినది.

పూర్వము టీవీకి ఉద్వాసన చెప్పుటకు మనుష్యుడు పాటుపడవలసిన యవసరమే లేకుండెను. 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వెలసి, కొన్నేండ్లకు బొమ్మ మెల్లగా మన తీరమునకు చేరిన పిమ్మట, వెదురుబొంగునకు కట్టిన యాంటెనాపై కాకి వాలిన బొమ్మ పోయెడిది. సముద్రపు గాలి కాస్త బిగించి వీచిన పోయెడిది. రెండును లేకున్నచో కరెంటు పోయెడిది. 1987లో రామాయణము వచ్చు ఆదివారపు టుదయములందు వాడ యంతయు ఒక్క యింటి చావడిలో క్రిక్కిరిసి కూర్చుండి, ముగియగనే లేచి ఎవరి యింటికి వారు పోయెడివారు. అనగా కలుపుట మనుష్యాధీనమును, తెగుట దైవాధీనమునై యుండెను. ఆ సుఖము నేడు లేదు. 2016 డిసెంబరులో మన కోనసీమయందే, సఖినేటిపల్లి మండలపు మోరి గ్రామమున, ప్రభుత్వపు ఫైబరు తీగ ఇండ్లలోనికి ప్రవేశించినది. మరుసటి డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ పథకమును రాష్ట్రమునకు ప్రారంభించినపుడు, ఫోను, టీవీ, అంతర్జాలము మూడును కలిపి నెలకు 149 రూపాయలే యనిరి. ఈ తీగపై ఎన్ని కాకులు వాలినను బొమ్మ చెదరదు. తెంచు భారము కాకినుండి మనుష్యునకు సంక్రమించినది. ఆ మనుష్యుడో, మన అల్లుడుగారు.

చిరునామా చెప్పి తప్పుకొను పద్ధతి యింతమాత్రపు చిక్కే తెచ్చును. రెండవ పద్ధతి యొకటి కలదు. అది ఫోను తెరనే యథాతథముగ గోడమీద ప్రతిబింబింపజేయుట. ఒక ఫోనులో దీనికి స్మార్ట్ వ్యూ అనియు, మరియొకదానిలో స్క్రీన్ కాస్ట్ అనియు పేరు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు పోయి వచ్చి, తాను తీసిన ఫోటోలను అల్లుడుగారు ఈ పద్ధతిని ఇంటిల్లిపాదికిని చూపిరి. ఏకాదశ రుద్రుల ప్రభలు వరుసగ దర్శనమిచ్చినవి. కౌశికలో నీటికడ్డముగ భుజములపై కదలివచ్చు ప్రభను చూచి అందరు చేతులు జోడించిరి. "అయిపోయాయండీ" అని అల్లుడుగారు లేచి, ప్రక్కగదిలోనికి పోయి, మంచముపై మేను వాల్చిరి. అయిపోయినవి ఫోటోలు, ప్రతిబింబము కాదు.

అంతట గోడమీద వాట్సాపు తెరచుకొనెను. అత్తవారింట మర్యాద లెట్లున్నవని హైదరాబాదు మిత్రు డెవరో అడిగియుండెను. హాలులో అత్తగారు, మామగారు, బావమరిది, పండుగకు వచ్చిన పిన్నిగారు, పంచాంగము చెప్పుటకు వచ్చి కాఫీకి నిలిచిన పురోహితులు, ఒక్కరును కదలలేదు. ప్రక్కగదిలో బొటనవ్రే లాడినకొలది హాలు గోడపై ఒక్కొక్క యక్షరమే వెలువడుచుండెను. ఇంగ్లీషు లిపిలో కూర్చిన ఆ తెలుగును బావమరిది గొంతు తగ్గించి తల్లికి చదివి చెప్పెను: "మర్యాదలకేం, చంపేస్తున్నారు. మూడు పూటల్నించీ కందా బచ్చలే." బొటనవ్రేలు కొంత యాలోచించి, "పెట్టిన చొక్కా పెళ్లినాటి కొలత, బొత్తాం పట్టట్లేదు" అని చేర్చెను. పురోహితులు గోడనుండి చూపు మరల్చి పంచాంగములోనికి తలదూర్చిరి గాని, పుట తిప్పుట మరచిరి.

మరియొక సీమలో నైనచో ఆ రాత్రి యుద్ధమే జరిగియుండును. కోనసీమలో జరిగినది వేరు. రాత్రి విస్తరిలో కందా బచ్చలి కనబడలేదు. దాని స్థానమున గుత్తివంకాయ కూర ప్రత్యక్షమయ్యెను. మరునాడు మధ్యాహ్నమునకు అమలాపురమునుండి క్రొత్త చొక్కా, బొత్తాములన్నియు పట్టునది, పసుపు బొట్లతో వచ్చెను. అల్లుడుగారు విస్మితులై భార్యతో, "మీ అమ్మగారికి ఎదుటివాళ్ల మనసులో మాట తెలిసిపోతుందే!" అనిరి. ఆమె చెంగు నోటి కడ్డము పెట్టుకొని వంటింటిలోనికి పరుగెత్తినది. అసలు సంగతి ఆయనకు చెప్పినవారు లేరు. అది మర్యాద కాదని కొందరును, మర్యాద యనగా అదియే యని కొందరును వాదింతురు. అత్తగారు మాత్రము వాదమున దిగక, నాటినుండి పండుగకు రెండు దినములు ముందుగనే ఆ టీవీని తడిగుడ్డతో తుడిపించి, ఎదుట పీట వేసికొని కూర్చుండుట మొదలిడిరి.

ఇట్లుండగా 2025 మార్చిలో రెండవ తరపు క్రోమ్‌కాస్టు లన్నియు ప్రపంచమునం దొక్కమారుగ మూగవోయినవి. లోపల పొందుపరచిన ధ్రువపత్ర మొకదానికి కాలము చెల్లుటచే, ఫోనులు వానిని నమ్మరాని పరికరములని త్రోసిపుచ్చినవి. కొలది దినములలో తయారుచేసినవారే చక్కదిద్దిరి గాని, ఆ కొలది దినములలోనే అల్లవరమున అత్తగారు, "పండక్కి ఏం తక్కువ చేశామో, అల్లుడుగారికి మనమీద మనసు విరిగిందండీ" అని భర్తతో ననుచు కంట తడి పెట్టిరి. ఈ వార్త కూతురి మూలమున హైదరాబాదు చేరెను. వేసవిలో మామిడిపండ్లకు వచ్చుచు అల్లుడుగారు రిమోటు గల క్రొత్త పరికరమునే తెచ్చి తగిలించిరి.

క్రొత్తదానిలో ఉద్వాసన మరింత దుర్లభము. యూట్యూబున టీవీ కోడ్ అను నేర్పా టొకటి కలదు. గోడమీద కనబడు అంకెలను ఒక్కమారు ఫోనులో కొట్టినచో, అటుపై ఫోనును టీవీయు ఒకే వైఫైలో నుండనక్కరలేదు, ఒకే యూరిలో నుండనక్కరలేదు. అల్లుడుగారు అంకెలు కొట్టి, పండ్లు తిని, హైదరాబాదు వెడలిపోయిరి. కార్తికమాసపు సాయంకాల మొకనాడు అత్తగారు ఇరుగుపొరుగులను గూర్చుకొని, టీవీలో యూట్యూబు పెట్టించి, శివపురాణ ప్రవచనము వినుచుండగా, హైదరాబాదున బొటనవ్రేలు ప్రమాదవశమున ఆ వంపుగీతల గుర్తుపై పడెను. క్షీరసాగరమథనమునం దింకను హాలాహలము పుట్టకమునుపే ప్రవచనము మాయమై, బట్టతలపై వెండ్రుకలు మొలిపించు చిట్కాలు గోడనిండ ప్రత్యక్షమయ్యెను. ఇరుగుపొరుగు స్త్రీలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. పెండ్లి ఫోటోలో నొక్కుల జుట్టుతో వెలుగుచున్న అల్లుడుగారిని అందరును ఒక్కమారు తలయెత్తి పరిశీలించిరి. అత్తగారు చలింపలేదు. ఆ వారము కొబ్బరిలౌజుతో గూడ హైదరాబాదు పోయిన పార్సిలులో, మందారపువ్వులు వేసి కాచిన గానుగ కొబ్బరినూనె సీసా లుండెను. అల్లుడుగారికి అత్తగారి దివ్యదృష్టిపై నున్న భక్తి ఇనుమడించినది.

ఈ పరికరములను నిర్మించువారి మనస్తత్త్వమును కోనసీమ గృహిణి మనస్తత్త్వమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నాకు భేదము గోచరింపదు. కలుపు గుర్తు కంటి కెదురుగ నుండును. విడదీయు మాట ఆ గుర్తు నొక్కినపిదప గాని కనబడదు. ఇచటను అంతే. "రండి, రండి" అనుటకు వీధి గుమ్మమే చాలును. "వెళ్లిరండి" అను మాట మాత్రము పూతరేకుల పొట్లములు కట్టి, ఇంకొక్క పూట యుండుమని బ్రతిమాలి, బస్సు తప్పునేమో యన్న తరుణమున గాని నోట రాదు. వచ్చినవా డుండిపోవలెననుటయే ఉభయుల కోరిక. అట్టి సీమలో, అట్టి యంత్రముతో, అట్టి అల్లుడుగారు రెండవ నొక్కు నేర్వలేదన్న, ఆయనను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

బావమరిది ఇంజనీరింగు చదువుచున్నవాడగుటచే అతనికి ఈ తత్త్వము రుచింపలేదు. ఒకనాడు తల్లిని కూర్చుండబెట్టి ఉపసంహార మంత్రములన్నియు వల్లించెను: ఫోనులో నైన కాస్టు గుర్తు నొక్కి డిస్‌కనెక్ట్ అనవలెననియు, ప్రతిబింబమైనచో పైనుండి నోటిఫికేషన్లు దించి ఆపవలెననియు, దూరాన నున్నవాని బెడద కైనచో టీవీలోని యూట్యూబు సెట్టింగులలో లింకు చేసిన పరికరములున్న చోటికి పోయి, ఒక్క నొక్కుతో అన్నిటిని విడదీయవచ్చు ననియు. రిమోటు చేతబూని, "నొక్కేయమంటావా అమ్మా?" అని అడిగెను.

అత్తగారు అతని చేతినుండి రిమోటు లాగికొనిరి.

"నోరు ముయ్యరా! అక్క ఏదీ చెప్పదు. అల్లుడుగారా, ఒట్టి మొహమాటస్తులు. ఆయనకేం కావాలో పైకి చెప్పేది ఈ ఇంట్లో ఆ టీవీ ఒక్కటే. దాని నోరు కూడా నొక్కేస్తావేంటి?"