వినోదమునకు వయోపరిమితి

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖవారు కోవిడ్ వేళ 2020 అక్టోబరు 8వ తేదీన వినోదోద్యానముల నిమిత్తము వెలువరించిన నిబంధనావళి, నేను చదివిన సర్కారు సాహిత్యములోనెల్ల కడు రసవత్తరమైనది. ఆ నెల 15వ తేదీ నుండి ఉద్యానములు తెరచుకొనవచ్చునన్న అనుమతికి వెనువెంటనే, 65 ఏండ్లు దాటిన వృద్ధులును, 10 ఏండ్లు నిండని పిల్లలును, గర్భవతులును, దీర్ఘరోగపీడితులును ఇంటిపట్టున నుండుట మేలని అందు హితవు చెప్పబడినది. అనగా రంగులరాట్నమెక్కి కేరింతలు కొట్టవలసిన పసివాడు ఇంటనుండవలె. ఆ కేరింతలు చూచి మురియవలసిన అవ్వ ఇంటనుండవలె. వారి నిమిత్తము టిక్కెట్టు కొనువాడు మాత్రము నిరభ్యంతరముగ విచ్చేయవచ్చును.

మక్తల్‌లోని మా యింటికి ఈ సూత్రమును అన్వయించి చూచితిని. మా అమ్మకు వయస్సు మించినది, మా వానికి వయస్సు చాలదు, ఇల్లాలికి షుగరు. సర్వార్హతలు గలవాడను నేనొక్కడనే తేలితిని. పడమటి ఆంజనేయస్వామి జాతరలో ఒక్క చుట్టు తిరిగినంతనే తల తిరుగువాడను!

అదే నిబంధనావళిలో ఏసీ గదుల ఉష్ణోగ్రత 24 నుండి 30 డిగ్రీల నడుమ నుండవలెనని మరియొక ఆజ్ఞ గలదు. హైదరాబాదులో ఇందిరా పార్కు దాపున మంచుపై జారుటకై జనులు సొమ్ము చెల్లించు స్నో వరల్డ్ ఒకటున్న సంగతి ఢిల్లీవారికి తెలియకపోవచ్చును. తెలిసినచో మంచునకు మినహాయింపునిచ్చుచు ఇంకొక సర్క్యులరు వచ్చియుండెడిది. జపానువారు మనకంటె నొక మెట్టు పైనున్నారు. తుంపరలు వెదజల్లకుండుటకై రోలర్ కోస్టరుపై నోరెత్తి అరవరాదని, హృదయములోనే అరచుకొనవలెనని ఆ యేటి వేసవిలో ఫ్యూజీ క్యూ హైలాండ్ ఉద్యానమువారు విన్నవించి, ఎట్లో చూపుటకు తమ అధికారులనిరువురను సూటు బూటు మాస్కులతో నెక్కించి, కనురెప్ప యదరకుండ దింపి, వీడియో తీసి లోకమునకు చూపిరి. హృదయములో అరచుకొనుటయే విద్యయైనచో, బొంబాయి బస్సెక్కు పాలమూరు కూలీని మించిన ఆచార్యుడు దొరకడు.

మా పాత జిల్లాలోనే వినోదింపరాదా యని చదువరి యడుగవచ్చును. మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమర్రి, ఏడువందల యేండ్ల వృద్ధురాలు, కోవిడ్ పుట్టకమునుపే, 2017 చివర కొమ్మ విరిగి మంచము పట్టినది. చెదలు చంపుటకు సెలైన్ సీసాలు వ్రేలాడదీసి మందెక్కించిరి, సందర్శకుల రాకను నిలిపివేసిరి. ఐసోలేషన్ అనగా నేమో మా జిల్లాకు మొదట నేర్పినది ఆ చెట్టే.

2021 ఫిబ్రవరి 18న రామోజీ ఫిల్మ్ సిటీ మరల తెరచుకొన్నదన్న వార్త వచ్చినది మొదలు మా యింట పోరు హెచ్చినది. హితవు హితవే గాని నిషేధము గాదుగదా యని నలుగురమును బయలుదేరి హైదరాబాదు శివారునందలి యొక ఉద్యానము చేరితిమి. పేరు చెప్పను, చెప్పినచో ఉచిత ప్రచారమగును. 150 కిలోమీటర్లకు పైబడిన దారిలో బస్సున ముగ్గురి సీటులో నలుగురమొదిగి కూర్చుండినపుడు అభ్యంతరపెట్టినవారు లేరు. ద్వారముకడ కాపలావాడు నా నొసటికి గురిపెట్టిన యంత్రము 92 చూపినది. ఆ వేడి మాత్రమే యున్నవాడు వైద్యశాస్త్రము ప్రకారము అంబులెన్సు ఎక్కవలసినవాడు; అతడు తృప్తిగా తలయూపి నన్ను లోనికి పంపినాడు. తరువాతి బల్లకడ ఒక యువతి మణికట్టుపై రబ్బరు ముద్ర వేయబోగా, మా అమ్మ చేయి చటుక్కున కొంగులో దాచుకొన్నది. “బొంబయి నుంచి ఒచ్చినోళ్లకు గిట్లనే ముద్ర గొట్టి పద్నాలుగు దినాలు ఇంట్ల కూసోబెట్టిండ్రు. నేను ఏ ఊరు బోలే బిడ్డా!” లోనికి పోవుటకే ముద్ర యని నమ్మించుసరికి మా వెనుక వరుస, నేలపై గీసిన తెల్లని వలయములన్నింటిని దాటి, ఒకే ముద్దయైనది.

లోపల ఊగుడు పడవలో, గడచిన రాత్రి ఒకే దుప్పటిలో పండుకొన్న తండ్రీకొడుకుల నడుమ భౌతిక దూరార్థము ఒక సీటు ఖాళీగ విడిచిరి. పడవ పైకెగసినపుడు వాడు భయపడి నా చేయి పట్టుకొనజూచినాడు, అందలేదు. నా మాస్కు కన్నులమీదికి ఎక్కినందున వాడేడ్చినాడో నవ్వినాడో నేను చూడలేదు. మే 12న రాష్ట్రమంతట మరల లాక్‌డౌన్ వచ్చి, ఉదయము 6 మొదలు 10 వరకే బజారు తెరచుచుండగా, మా అమ్మ ఆ ముద్ర మహిమయే యిదియని తేల్చినది.

ఆ యేడే అక్టోబరు 31న షాంఘై డిస్నీలాండుకు వచ్చిపోయినవారిలో నొకరికి కోవిడ్ సోకినదని తేలగా, ద్వారములు మూసి, ముప్పదివేలకు పైబడిన జనమును, నెత్తిపై బాణసంచా వెలుగుచుండగనే, పరీక్షలు ముగియువరకు వెలికి విడువలేదట. పత్రికలోని ఈ ఘోరమును ఇంట బిగ్గరగ చదివి వినిపించితిని.

“మనం పోయిన్నాడు గూడ గట్ల గేటేసుంటే ఎంత మంచిగుండు!” అని మా వాడు నిట్టూర్చినాడు.

“లోపట రొట్టెలెవరు జేస్తరు రా?” అని మా అమ్మ యడిగినది.