మామిడిపండుకు కాల్షీటు

రిటైరైన పెద్దమనుషుల్లో ఒకరు యోగా పట్టుకుంటారు, ఒకరు అపార్ట్‌మెంటు అసోసియేషన్‌ని పట్టుకుంటారు. మూడో ఆయన నీటిరంగుల్లో దిగుతాడు. బ్యాంకులో సంతకాలు పెట్టి పెట్టి అలవాటైన చెయ్యి కదా, బ్రష్షునీ పెన్నులాగే పట్టుకుంటాడు. 300 జీఎస్ఎం కాటన్ పేపరు తప్ప ముట్టడు. షీటు ఖరీదు మాత్రం ఇంట్లో చెప్పడు.

ఈయన్ని పళ్ళబండి దగ్గర చూడాలి. లోకమంతా మచ్చలేని పండు ఏరుకుంటుంటే, ఈయన సొన కారి చార కట్టిన బంగినపల్లి ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు.

"తియ్యగా ఉంటాయి సార్, గ్యారంటీ."

"తీపితో పని లేదయ్యా, నీడ చూస్తున్నా."

మర్నాటి నుంచి బండివాడు అమ్ముడుపోని సరుకంతా ఈయన కోసం దాచిపెడుతున్నాడు. ధర మాత్రం తగ్గించలేదు.

ఇంటికొచ్చాక పళ్ళకు కాల్షీట్లు మొదలు. కిటికీ పక్కన బల్ల, దానిమీద ఇత్తడి పళ్ళెం. ఎవరూ తాకకూడదు. వాతావరణంతో ఈయనకు ఏనాడూ పొసగదు. మే నెలలో పూత పండు చివరిదాకా పోకముందే ఆరి గీత కట్టేస్తుంది. శ్రావణంలో ఎంతకీ ఆరదు. ఆరిందనుకుని పక్కన ఆకుపచ్చ పెడితే అరటిపండు పసుపులోకి పాకి క్యాలీఫ్లవర్‌లా విచ్చుకుంటుంది. అప్పుడు కోడలి హెయిర్ డ్రయ్యర్ మాయమవుతుంది.

"ఫ్రాన్సులో సెజాన్ అంతటివాడికే బొమ్మ పూర్తయ్యేలోపు పళ్ళు కుళ్ళిపోయేవిట" అన్నాడొకసారి.

"వాళ్ళావిడ ఏం చేసేదో కూడా రాశారా?" అంది ఈయన భార్య, ఈగల్ని తోలుతూ.

బొమ్మ చూసిన ఎదురింటాయన, "ద్రాక్ష మీద ఇక్కడ కాస్త రంగు వెయ్యడం మర్చిపోయారండీ" అన్నాడు. పాపం, గంటసేపు కదల్లేకపోయాడు. నీటిరంగుల్లో తెలుపు పూసేది కాదు, వదిలేది. కాగితమే మెరుపు. లేత నుంచి ముదురుకు వెళ్ళాలి, వెనక్కి రాలేం. నిజమే, బొమ్మ మొత్తంలో ఆ చుక్కే బాగుంటుంది. ఈయన చెయ్యి పడనిది అక్కడే.

కార్తీకానికి ముందు ఆవిడ సీతాఫలాలు తెప్పించింది. ఒక్కో కన్నుకీ ఒక వెలుగు, ఒక నీడ, సందులో ఇంకో రంగు. ఈయన పెన్సిలుతో మూడు వరసలు గీసి, నడుం నొప్పని లేచాడు. అప్పట్నుంచి ఆ ఇంటికి సీజన్‌లో సీతాఫలాలే వస్తున్నాయి. మనవలు హాయిగా తింటున్నారు.