కాఫీ హోటలు పలకకు టీకా తాత్పర్యం

అవతారిక

వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. కావలి ట్రంకు రోడ్డు మీద బస్సు దిగిన బాటసారికి నోరెండిపోయింది. అతని దాహాన్నీ తన గల్లాపెట్టెనూ ఏకకాలంలో ఉద్ధరించదలచిన హోటలు యజమాని, నల్లపలక మీద సుద్దముక్కతో ఈ క్రింది వచనాన్ని వెలయించాడు. కర్త పేరు పలకపై లేదు. అక్షరాల వంకర చూసి, ఇంటర్ చదివే కొడుకు రాశాడని కొందరి మతం.

మూలం

ఫిల్టరు కాపి కలదు. నురగ కాపి కలదు.
బోండాం కాపి ఆర్డరు పైన.
అరువు అడగరాదు.

ప్రతిపదార్థం

ఫిల్టరు = రెండంతస్తుల పాత్రలో, బిళ్లతో అదిమిన పొడి గుండా బొట్టుబొట్టుగా దిగిన; కాపి = డికాషను, పాలు, పంచదారల కలయిక; కలదు = తెల్లవారుజాము నుంచి కలదు (పొద్దెక్కాక రెండో డికాషను మాత్రమే కలదని అధ్యాహారం); నురగ కాపి = ఇన్‌స్టంట్ పొడి, పంచదార, వేడినీళ్లు సమపాళ్లలో వేసి చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టగా పుట్టి పాల మీద తేలునది; బోండాం కాపి = కొబ్బరి బోండాం నీళ్లలో చల్లని డికాషను పోసినది (శనగపిండి బోండాతో పాటు ఇచ్చే కాపి అని అన్వయించరాదు; అట్లు అన్వయించి ఇద్దరు మనుషులు చట్నీ అడిగిరి); ఆర్డరు పైన = అడిగిన తరువాతనే బోండాం కొట్టి; అరువు = రేపిస్తాననుట; అడగరాదు = అడిగినను ఈయబడదు.

తాత్పర్యం

ఓ బాటసారీ! పాలున్నంతసేపు పాల కాపి తాగుము. పాలయిపోయినచో నీళ్ల కాపి తాగుము. ఏది తాగినను డబ్బిచ్చి పొమ్ము.

విశేషాలు

‘ఫిల్టరు కాపి’లో శ్లేష ఉంది. పైకి కాఫీ అని వినబడినా లోపల చికోరీ దాక్కుని ఉంటుంది. అదొక మొక్క వేరు. వేయించి పొడి కొడతారు, కెఫీన్ ఉండదు. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, చికోరీ ఎంతో పొట్లం మీద చెప్పాలనీ మన ఆహార నిబంధన. పలక మీద చెప్పాలని లేదు కనుక కవి చెప్పలేదు. చికోరీ పేరెత్తితే ముఖం చిట్లించే వారికి ఒక మనవి: పలచటి పాలకు రంగూ చిక్కదనమూ ఇచ్చి హోటలు పరువు కాపాడేది అదే.

శంక: మన అరకు అరబికా వాడరాదా? 2017లోనే పారిస్‌లో దుకాణం తెరిచి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది కదా? సమాధానం: వాడవచ్చు. గేదె పాలలో ముంచి మూడు చెంచాల పంచదార వేసేటట్లయితే వద్దు. దానికి తగిన చోటు ఇక్కణ్ణుంచి మూడో పేరాలో వస్తుంది.

‘నురగ కాపి’ని వ్యాఖ్యాతలు దాల్గోనా అంటారు. 2020 లాక్‌డౌనులో లోకం మీద పడింది. మకావులో దీన్ని తాగిన కొరియా నటుడొకడు తమ దేశపు చక్కెర మిఠాయి రుచి తగులుతోందన్నాడు. అంతే, నామకరణం అయిపోయింది. ఉత్తరాది ఇళ్లలో గిలక్కొట్టిన కాఫీ అంతకు చాలా ముందు నుంచే ఉంది కాబట్టి దీనికి పునరుక్తి దోషం పడుతుంది. ఇన్‌స్టంట్ పొడికి మనం సముద్రాలు దాటక్కర్లేదు. గుంటూరు వైపు దుగ్గిరాలలో తయారై దేశదేశాలకు పోతోంది. ఫొటోకి బాగుంటుంది, నిజమే. రెండో గ్లాసు అడిగినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. ‘ఏంది నైనా, కాపి మింద ఈ సబ్బు నురగ?’ అని ఒక పెద్దాయన చెంచాతో పక్కకి నెట్టి, అడుగున పాలు మాత్రం తాగి లేచాడు.

ఈ వచనానికి ప్రాణం రెండో పాదం. పొద్దుటి పాలు పదకొండుకల్లా అయిపోతాయి. సాయంత్రం పాలు నాలుగు దాటితే గాని రావు. ఆ నడుమ స్టౌ ఆర్పేసి, కుర్రాడు బల్ల మీద తల వాల్చి, యజమాని ఈగలు తోలుకునే వేళ ఒకటుంది. కొత్త పానీయం కావలసింది ఆ వేళకే. హేజల్‌నట్ సిరప్ సీసాలు కొని అద్దాల బీరువాలో వరసపెట్టినంత మాత్రాన అది పుట్టదు. ఏదో ఒకటి లేకపోతే పుడుతుంది. 1946లో హనోయ్‌లో పాలు దొరక్క గుడ్డుసొన గిలక్కొట్టి కాఫీలో వేశారు. 1957లో థెస్సలోనికీ ప్రదర్శనలో వేడినీళ్లు దొరక్క ఒక నెస్లే ఉద్యోగి ఇన్‌స్టంట్ పొడిని చన్నీళ్లతో షేకరులో ఊపాడు. గ్రీసు దేశంలో నేటికీ ఆ ఫ్రాపే తాగేవారున్నారు. కావలి మధ్యాహ్నానికి పాలు లేవు, బోండాలున్నాయి.

ప్రక్రియ: బరకగా ఆడించిన అరకు పొడి, చికోరీ లేకుండా, వంద గ్రాములు; చన్నీళ్లు 800 మి.లీ. రాత్రి ఫ్రిజ్జులో ఉంచి పొద్దున గుడ్డలో వడగట్టాలి. వేడి తగలలేదు కనుక చేదు తక్కువ. మూడు వంతుల బోండాం నీళ్లకు ఒక వంతు డికాషను. మరీ లేత కాయ చప్పగా ఉంటుంది. కొబ్బరి పలచగా పట్టిన కాయ అయితే నీళ్లు తియ్యన, పంచదార అక్కర్లేదు. ఆ కొబ్బరినే గీరి గ్లాసులో వెయ్యాలి. కొట్టిన బోండాం నీళ్లు నిలవ ఉండవు, అందుకే ‘ఆర్డరు పైన’ అన్నాడు. బద్ధకమని అపార్థం చేసుకోరాదు. గ్యాసు లేదు, పాలు లేవు, యంత్రం లేదు. గూడూరు నిమ్మకాయ, గోలీసోడాలతో పాఠాంతరం కల్పించవచ్చు. ఆ నిమ్మకాయను పాల కాపి దగ్గరికి రానివ్వకూడదు. తాటిబెల్లంతోనూ జాగ్రత్త, పాలతో కలిపి మరిగిస్తే విరుగుతాయి, దించాక వెయ్యాలి.

‘అరువు అడగరాదు’ కింద అంటించిన క్యూఆర్ కోడ్ ప్రక్షిప్తం. కావలిలోనే 1951లో వెలసి, కె.వి. రమణారెడ్డి వంటివారు తెలుగు పాఠాలు చెప్పిన జవహర్ భారతి కళాశాల వైపు హోటళ్ల ప్రతుల్లో ఈ మూడో పాదమే లేదట. ఆ హోటళ్లూ ఇప్పుడు లేవు.