అగ్గిపుల్ల అక్కర్లేని ఊరు

హోబోకెన్ ఇళ్ల ఓనర్లు పాపం, పని తెలియనివాళ్లు. న్యూయార్క్‌కి హడ్సన్ నది అవతల ఉన్న ఆ చిన్న పట్నంలో 1978 నుంచి 1983 దాకా కిరాయి ఇళ్లు వరసపెట్టి తగలబడ్డాయి. యాభైమందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది పోర్టోరికో నుంచి వచ్చిన పేదలు. పాత కిరాయిదారు కదిలితే అదే గదిని కొత్త ధరకు అమ్ముకోవచ్చు. చాలా మంటలు కావాలని పెట్టినవేనని తేలింది. అంటే అర్ధరాత్రి లేవాలి, మనిషిని మాట్లాడుకోవాలి, పెట్రోలు కొనాలి. ఎంత ఖర్చు, ఎంత శ్రమ!

మన హైదరాబాదు నాంపల్లిలో ఆ అవస్థ లేదు.

2023 నవంబరు 13, దీపావళి మర్నాడు. బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్. కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. కింద కారు రిపేరు చేస్తుంటే రవ్వ లేచిందన్నారు. పొగ మెట్లెక్కింది, కనీసం తొమ్మిది ప్రాణాలు పోయాయి. కావాలని ఎవరూ అంటించలేదు. అంటించాల్సిన అవసరం ఎవరికుంది? అన్ని డ్రమ్ములు ఒక్క రాత్రిలో ఆకాశం నుంచి ఊడిపడవు గదా. లారీలో వస్తాయి, పట్టపగలు దిగుతాయి. లైసెన్సు చూడాల్సిన కళ్లకు మాత్రం ఆ పూట శుక్లాలు. నెలాఖరున అసెంబ్లీ పోలింగు గనక పరామర్శకు కార్లు బారులు తీరాయి, ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు వచ్చాయి. బతికుండగా డ్రమ్ముల సంగతి చెప్పుకుందామంటే ఒక్క కారూ ఆగదు.

అంతకుముందు ఏడాది మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహారు కూలీలు నిద్రలోనే పోయారు. దిగడానికి ఉన్నది ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఇలాంటప్పుడు ఎక్కువగా వినిపించే పేరు ఒకటే: శ్రీమాన్ షార్ట్ సర్క్యూట్ గారు. ఇన్ని కేసుల్లో పేరొచ్చినా ఒక్కసారీ కోర్టు మెట్లెక్కలేదు, బెయిలు అడగలేదు. రవీంద్రభారతి ఖాళీగా ఉన్న రోజు చూసి ఆయనకో శాలువా కప్పాలి. ఎంతమంది కొలువులు నిలబెట్టాడో లెక్క లేదు.

అగ్గి రాని చోట చట్టం వస్తుంది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం మనకింకా ఉంది. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే చాలు, మీరు దాని నీడలోంచి బయటపడ్డట్టే. ఆబిడ్స్‌లో ఆ డబ్బుకి గది కాదు గదా, స్కూటరు నిలుపుకునే జాగా దొరికినా అదృష్టమే. అంటే పేదవాడికి ఈ చట్టం పెద్ద అండ, ముందు అతనికి 1960లో ఒక గది దొరకాలి, అంతే. మిగతావాళ్లకు పదిహేను రోజుల నోటీసు, ఆపైన సివిల్ కోర్టు, ఆపైన మనవళ్లు.

ఇక వానాకాలం వస్తే జీహెచ్‌ఎంసీకి పాత గోడల మీద హఠాత్తుగా ప్రేమ పుడుతుంది. పగుళ్లు కొలుస్తారు, శిథిల భవనమని నోటీసు అంటిస్తారు. గోడ కూలితే ప్రాణాలు పోతాయి, ఖాళీ చేయించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. నా సందేహమల్లా, ఖాళీ చేసినవాడు రాత్రికి ఎక్కడ పడుకోవాలో ఆ నోటీసులో ఒక్క లైనైనా ఎందుకుండదని. కట్టడాన్ని మునిసిపాలిటీయే కూల్చినా కిరాయి హక్కు చావదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మహా ఊరట! సామాన్లు ఆటోలో వేసుకుని ఎల్‌బీ నగర్ అవతలికి పోయిన కిరాయిదారు, ఆబిడ్స్ గాలిలో తన హక్కు ఇంకా బతికే ఉందని తలుచుకుని హాయిగా నిద్రపోవచ్చు. కింద కొత్త కాంప్లెక్స్ లేస్తుంది. షట్టర్ల దగ్గర సెక్యూరిటీ గార్డు ఉంటాడు, లోపలికి పోనివ్వడు.

హోబోకెన్‌లోనూ ఆ చావులకు ఏ ఓనరుకూ శిక్ష పడలేదు. ఆ ఒక్క విషయంలో మనం ప్రపంచ స్థాయి అందుకున్నాం.

కిరాయికి దిగేవాళ్లకు చిన్న సలహా. మంజీరా నీళ్లు ఎప్పుడొస్తయి, మీటరు వేరేనా అని అందరూ అడుగుతారు. మీరు మాత్రం సెల్లార్లో డ్రమ్ముల్లో ఏముందో, రెండో మెట్లదారి ఎటువైపుందో అడిగి చూడండి. ఓనరు జవాబు ముందే చెప్పేస్తాను:

"ఇన్ని ముచ్చట్లు అడిగేటోళ్లకు మా ఇల్లు కుదరదు సార్. వేరేది చూస్కోండ్రి."