మెకాలేకు ఎన్ని దినాలు?

మనకు ఇంగ్లీషు చదువు తగిలించిన మెకాలే 1859లో ఒక్కసారే పోయాడు. మన ఉపన్యాసాల్లో మాత్రం విద్యా విధానం మారినప్పుడల్లా పోతూనే ఉన్నాడు. 1937లో వార్ధాలో గాంధీ చేతిపని చుట్టూ చదువు అల్లమన్నప్పుడు పాడె కట్టారు. స్వతంత్రం వచ్చాక, చదువుకు పనితో ముడిపెట్టమని 1966లో కొఠారీ కమిషన్ చెబితే దినం చేశారు. 1986 జాతీయ విద్యా విధానంతో మాసికం, 2020 విధానంతో సంవత్సరీకం. బట్టీ పట్టి మూడు గంటల్లో కక్కే పద్ధతి మాత్రం నిక్షేపంగా ఉంది. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టమని కొఠారీ అంటే, 54 ఏళ్ల తర్వాత కొత్త విధానమూ అదే 6 శాతాన్ని లక్ష్యమంది. ఆ అంకె చేరలేదు గానీ 10+2 కాస్తా 5+3+3+4 అయింది. కూడికలు మార్చడానికి ఖర్చేముంది? మన ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి సర్కారు బడులకు సీబీఎస్ఈ తగిలించారు, 2024లో ప్రభుత్వం మారగానే ఊడబీకారు. పిల్లలను అడిగినవాడు లేడు.

చుట్టూ ఉన్న బతుకుతో చదువును కలపకపోతే ఏం పోగొట్టుకుంటామో తెలియాలంటే మన రాష్ట్రంలోని సున్నిపెంట సంగతే చూడండి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం డ్యాము కోసం వెలసిన ప్రాజెక్టు కాలనీ అది. దగ్గర్లోనే 770 మెగావాట్ల కుడిగట్టు పవర్‌హౌస్. చుట్టూ నల్లమల, అందులో చెంచు గూడేలు. నీటి ఒత్తిడి పాఠం చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? తేనెపట్టు మొత్తం పిండేయకుండా ఈగలకు కొంత వదిలి రావాలని తెలిసిన చెంచు పిల్లాడికి పర్యావరణ పాఠం సగం వచ్చినట్టే. ఆ సగానికి ప్రశ్నపత్రంలో అర మార్కు కూడా లేదు. అందుకే కాబోలు, 2020 విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు సంచీ లేని రోజులు పది ప్రసాదించింది. ఆ పది రోజులూ వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో బతుకు నేర్చుకుని, పదకొండో రోజు నుంచి గైడు పట్టుకోవాలి.

ఊరి చదువు చెబితే పిల్లాడు ఊళ్లోనే ఉండిపోతాడని, పోటీ పరీక్షలకు దేశమంతా ఒకే సిలబస్ కావాలని పెద్దలంటారు. రెండోదాంట్లో కొంత నిజముంది. కానీ ఒకేలా ఉండాల్సింది పిల్లాడికి రావలసిన నేర్పు, ఉదాహరణ కాదు. టర్బైన్‌తో మొదలెట్టినవాడు ఫారడే దగ్గరికి పోలేడా? తేనెతో మొదలెట్టినవాడు డార్విన్ దగ్గరికి పోలేడా? పోలేనిది బట్టీ పట్టినవాడే. బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని కలపమని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పనే చెప్పింది. దాన్నీ పరీక్షకు ముఖ్యమైన ప్రశ్నగా మార్చి చేతులు దులుపుకున్నాం.

ఇంకో కమిటీ వేసే ముందు, అయ్యవార్లూ, కొఠారీ నివేదిక ఒక్కసారి తెరవండి. చేయాల్సిన పనులు డబ్బు లెక్కతో సహా అందులోనే ఉన్నాయి.