నల్లబల్ల సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా ఎమ్మిగనూరులో ఒక బడి గేటు పక్కన నల్లబల్ల ఉంది. దానిమీద రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ‘నేటి విశేషం’ రాస్తారు. చినుకులకు తడవగా, మేకలు ఒరుసుకోగా మిగిలిన గ్రంథభాగమే లోకానికి దక్కుతుంది. అట్లా దక్కిన ఒక పాఠానికి పూర్వులెవరూ టీక రాయనందున ఆ భారం ఈ అల్పజ్ఞుడి మీద పడింది.

మూలం

అక్టోబరు 1. అనిబిసెంట్ పుట్టుక 1847. తపాలా బిళ్ల 1854. అల్లు రామలింగయ్య పుట్టుక 1922. చైనా 1949. ఆంధ్ర రాష్ట్రం 1953. వృద్ధుల దినం.

యతి లేదు, ప్రాస లేదు, క్రియ అసలే లేదు గనుక ఇది పద్యం కాదు, సూత్రం. అక్షరాలు తక్కువగా ఉండడం, సందేహానికి తావివ్వకపోవడం సూత్రలక్షణాలని పెద్దలు చెప్పారు. మొదటి లక్షణం పుష్కలంగా ఉంది.

ప్రతిపదార్థం

అక్టోబరు = లాటినువారి లెక్కలో ఎనిమిదవది, మన గోడ క్యాలెండరులో పదవది అయిన నెల; 1 = జీతగాడికి ఆశ, ఇంటి యజమానికి బాడుగ, అంగడివాడికి పాత బాకీ గుర్తొచ్చే రోజు; చైనా = ఇచట అధ్యాహారం తప్పదు. ఉన్నదున్నట్టు చదివిన బాలుడు ఆ దేశం 1949కి ముందు లేదనుకోగలడు. బీజింగులో మావో ప్రజా రిపబ్లిక్కును ప్రకటించినాడని పూరించుకోవలెను. బల్లమీద చోటు చాలలేదని భావము. వృద్ధుల దినం = ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన తీర్మానం; అరుగుమీది పెద్దలకు ఇంకా అందని వార్త.

శంక

వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడుండాలి కదా! అనిబిసెంటుకు రామలింగయ్య మీద ఆకాంక్ష లేదు. చైనాకు తపాలా బిళ్లతో యోగ్యత లేదు. ఉన్నది సన్నిధి ఒక్కటే, అదీ సుద్దముక్క కల్పించినది. ఇది వాక్యమెట్లా అవుతుంది?

సమాధానం

ఇది మగ్గాల ఊరు. పడుగు ఒకటే ఉంటుంది, దానికి అడ్డంగా పోయే పేక ఏ రంగుదైనా కావచ్చు. తేదీ పడుగు, సంవత్సరాలు పేక. కలిపి చూస్తే గుడ్డ కనబడాలి. కనబడకపోతే తప్పు నేతగాడిది, నూలుది కాదు. అందుచేత టీకాకారుడు కాస్త నేయవలసి వచ్చింది.

అనిబిసెంట్ లండనులో పుట్టినా మనకు పరాయిది కాదు. మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల ఆమె చలవే. ‘జనగణమన’కు ఠాగూరు ఇంగ్లీషు అనువాదం చేసింది 1919లో అక్కడ బస చేసినప్పుడే. ఇంతకుమించి లాగితే దారం తెగుతుంది.

అల్లు రామలింగయ్య సంగతి వేరు. పాలకొల్లులో పుట్టిన ఆయన తొలి సినిమా 1953లో వచ్చిన ‘పుట్టిల్లు’. తెలుగువాళ్ళు మద్రాసు వదిలి సొంత ఇల్లు కట్టుకున్న ఏడాదే ఆ పేరుతో సినిమా రావడం శ్లేషాలంకారం కాకపోతే మరేమిటి? రాష్ట్రం మద్రాసు నుంచి బయలుదేరింది గానీ సినిమా కదలలేదు. అది ఇంకో ముప్పై ఏళ్ళ ముచ్చట.

విశేషం

ఇక అసలు పదం ‘ఆంధ్ర రాష్ట్రం’. బల్లమీద ఇది మేక ఒరుసుకున్న చోట పడి సగం చెరిగింది. మా ఊరికి సంబంధించినంతవరకు మిగతా సూత్రమంతా చెరిగినా నష్టం లేదు, ఇది ఉండాలి.

1953 సెప్టెంబరు 30, బుధవారం. ఆనాడు రాత్రి ఎమ్మిగనూరు ప్రజలు బళ్లారి జిల్లా, ఆదోని తాలూకాలో పడుకున్నారు. గురువారం తెల్లవారేసరికి కర్నూలు జిల్లాలో లేచారు. ఎవరూ మూట కట్టలేదు, బండి పూన్చలేదు. బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు పదకొండు తెలుగు జిల్లాలతో కలిసి ఆంధ్ర రాష్ట్రమైనాయి. రాయదుర్గం అనంతపురానికి పోయింది, తక్కిన రెండూ కర్నూలుకు వచ్చాయి. మిగిలిన తాలూకాలు మైసూరుకు పోయాయి. ఇరువురూ మాదంటే మాదన్న బళ్లారి తాలూకా సంగతి జస్టిస్ మిశ్రా విచారించి మైసూరుకే ఇమ్మన్నారు. కర్నూలులో నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయినారు, కచ్చేరీలు గుడారాల్లో నడిచాయి. గీత గీసినవారికి ఉగ్గాని బజ్జీ సంగతి తెలియదు కాబోలు, అది ఇప్పటికీ గీతకు అటూ ఇటూ ఒకే రుచి.

ముహూర్త విచారం: ఆ గురువారం విజయ నామ సంవత్సరం, భాద్రపద బహుళ పక్షం. అనగా మహాలయ పక్షం, పితృదేవతల పదిహేను రోజులు. పెళ్ళిచూపులకు కూడా గడప దాటని ఆ రోజుల్లో ఒక రాష్ట్రాన్నే గృహప్రవేశం చేయించారు. కర్నూలు రాజధాని ముచ్చట మూడేళ్ళకే, 1956 నవంబరు 1న ముగియడానికి ఇదే కారణమని శాస్త్రులెవరైనా అంటే ఈ టీకాకారుడు ఔననడు, కాదనడు. మా ఊరి దేవుడు నీలకంఠేశ్వరుడు ఇంగ్లీషు తేదీల జోలికే పోడు. పుష్య పౌర్ణమి ఎప్పుడొస్తే జాతర అప్పుడే.

పాఠాంతరాలు: రాష్ట్రం పుట్టినరోజు దగ్గర ప్రతులు కలవవు. ‘నవంబరు 1’ అని చాలాకాలం చలామణిలో ఉన్న పాఠం. 2014 తర్వాత కొన్నేళ్ళు ‘జూన్ 2’ అని దీక్షల ప్రతి. 2019లో మళ్ళీ ‘నవంబరు 1’ అని దిద్దుబాటు. ‘అక్టోబరు 1’ అన్న పాఠం నల్లబల్లలమీద తప్ప కనబడదు. మాకు మాత్రం అదే సాధుపాఠం. నవంబరు 1న మా జిల్లా మారలేదు, జూన్ 2న మారలేదు.

తాత్పర్యం

ఇక మిగిలింది తపాలా బిళ్ల. దేశమంతటికీ ఒకే బిళ్ల, దూరంతో పని లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా అనే ఏర్పాటు 1854 అక్టోబరు 1న మొదలైంది. సరిగ్గా తొంభైతొమ్మిదేళ్ళకు, అదే తేదీన, ఉత్తరం మీద మా ఊరి కింది పంక్తి ‘బళ్లారి జిల్లా’ కొట్టివేతకు గురైంది. ఇక్కడ ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కుదిరాయి. సూత్రకారుడు ఎరిగి రాశాడో, సుద్దముక్క తానే రాసుకుందో గానీ అన్వయం ఇదొక్కటే. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం కూడా బళ్లారి జిల్లాలో పుట్టి పదిహేనేళ్ళకు కర్నూలు జిల్లాదైంది. మగ్గం మాత్రం వేసిన గుంటలోనే ఉంది.

1972లో పిన్‌కోడ్లు వచ్చినప్పుడు బళ్లారి వైపు 583, కర్నూలు వైపు 518 పడ్డాయి. వరుస మాట వదిలేస్తే మూడంకెల్లో ఒకటి మాత్రం మారింది. ఈ టీకలో దోషాలు కనబడినవారు ఉత్తరం రాయవచ్చు. బళ్లారి అని రాయకండి. ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా, 518360.