సరదా శాస్త్రం: మొదటి పాఠం

ముస్లిం పిల్లలతో చేసే సరదాకు కొన్ని స్థిరమైన నియమాలున్నాయి. మొదటిది దిశకు సంబంధించినది. తరగతిలో నలభై మంది కలిసి ఒకడి మీద వేస్తే అది జోకు. ఆ ఒక్కడు తిరిగి నలభై మంది మీద వేస్తే క్రమశిక్షణ లేకపోవడం, ఒక్కోసారి పోలీసు కేసు. రెండో నియమం ప్రకారం జోకు పేలిందో లేదో తేల్చే హక్కు వేసినవాడిదే. పడ్డవాడికి నవ్వు రాకపోతే లోపం అతనిదే.

శిక్షణ చిన్నప్పుడే మొదలవుతుంది. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ అయిన మర్నాడు “పాపం, మీవాళ్లు ఓడిపోయారుగా” అని పరామర్శించడం ఇందులో ఓనమాల స్థాయి. గుంటూరులోనో నల్గొండలోనో పుట్టిన పిల్లాడికి తనవాళ్లెవరో పక్క బెంచీవాడు చెబితేగాని తెలియదు. టిఫిన్ డబ్బాలో ఏ మాంసం ఉందని ఆరా తీయడం, మీ నాన్న బాంబులు చేస్తాడా అని అడగడం తర్వాతి మెట్లు. నాజియా ఎరుమ్ 12 నగరాల్లో 145 కుటుంబాలతో మాట్లాడి ‘మదరింగ్ ఎ ముస్లిం’ అనే పుస్తకం రాశారు. పేరుమోసిన ఖరీదైన స్కూళ్లు ఈ విద్యలో ఏమాత్రం వెనకబడి లేవని అందులో తేలింది. అంత ఫీజు కట్టించుకున్నాక ఏ సౌకర్యమూ తక్కువ చేయకూడదు కదా.

కాలేజీకి వచ్చేసరికి ఈ సరదాలో అధ్యాపకులూ చేరతారు. 2022 నవంబరులో కర్ణాటకలోని మణిపాల్ ఇంజనీరింగ్ కాలేజీలో ఒక అధ్యాపకుడు విద్యార్థి పేరు అడిగి, ముస్లిం పేరు వినగానే ముంబై దాడుల ఉగ్రవాది కసబ్‌తో పోల్చాడు. ముంబై దాడులు సరదా కాదని, రోజూ ఇలాంటివి పడడం అంతకన్నా సరదా కాదని ఆ కుర్రాడు నిలబడి చెప్పాడు. నువ్వు నా కొడుకులాంటివాడివని సారు సర్దిచెప్పబోయాడు. సొంత కొడుకునైతే ఉగ్రవాది పేరుతో పిలుస్తారా అని కుర్రాడు అడిగాడు. ప్రశ్న సిలబస్‌లో లేనిది కాబట్టి, లేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పడం తప్ప సారుకు దారి దొరకలేదు. వీడియో దేశమంతా తిరిగాక కాలేజీ ఆ అధ్యాపకుణ్ణి తరగతులకు దూరంగా ఉంచింది.

ఈ ఘటన మీద మాట్లాడుతూ, ఈ శాస్త్రానికి అసలైన భాష్యం అప్పటి కర్ణాటక విద్యామంత్రి బి.సి. నాగేశ్ చెప్పారు. పిల్లల్ని రావణుడనీ శకుని అనీ అంటూనే ఉంటాం, అదెప్పుడూ గొడవ కాలేదన్నది ఆయన వాదన. వాదన బాగానే ఉంది. శకుని పేరుతో పిలిపించుకున్న పిల్లాడికి తర్వాత అద్దెకు గది దొరకకపోవడం, రైల్లో పక్కవాళ్లు సంచి వంక అనుమానంగా చూడడం లాంటివి జరుగుతాయేమో మంత్రిగారు పరిశీలించలేదు, అంతే.

పాఠం విన్నాక ప్రాక్టికల్స్ ఉండాలి. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరమ్మ, ఎక్కం అప్పజెప్పలేదని ఏడేళ్ల ముస్లిం పిల్లాణ్ణి నిలబెట్టి, తోటి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చెంప మీద కొట్టించింది. తర్వాత ఇది చిన్న విషయమంది. సుప్రీంకోర్టుకు అలా అనిపించలేదు. దెబ్బలు తిన్న పిల్లాడితోపాటు కొట్టిన పిల్లలకూ కౌన్సెలింగ్ ఇప్పించమంది. వాళ్లు ఆ రోజు నేర్చుకున్నది ఎక్కం కాదని కోర్టుకు అర్థమైంది.

మెచ్చుకోళ్లు ఇంకో శాఖ. “అరె, నువ్వు ముస్లింలా కనిపించవే”, “మీ తెలుగు భలే ఉందండీ” అన్నవి ఇందులో తరచూ వినిపించేవి. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష ఎరగని దూదేకుల కుటుంబాల పిల్లలకు కూడా ఈ రెండో ప్రశంసాపత్రం ఉచితంగా అందుతుంది. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినప్పుడు ఈ తెలుగే పనికొస్తుంది, పేరు చెప్పేదాకా. ఆ తర్వాత గది నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు.

ఫలితాలు కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. సమీర్ ‘శామ్’ అవుతాడు. చేయి ఎత్తి ప్రశ్న అడిగే పిల్ల చివరి బెంచీకి జరుగుతుంది. అమ్మ బుర్ఖాతో పేరెంట్స్ మీటింగ్‌కి వస్తానంటే కొడుకు ఏదో సాకు చెబుతాడు. చదువు పూర్తిచేసినా పేరు దరఖాస్తు మీద ఉండనే ఉంటుంది. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు ఒకటే అయినా, ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే మూడో వంతు దగ్గరే ఆగిపోయింది. దీన్ని కంపెనీలు కూడా సరదాకే చేశాయని అనుకోవాలి.

సరదా ముదిరితే ఎక్కడిదాకా పోతుందో హైదరాబాద్‌కు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పట్టుకెళ్లింది ముస్లిం యువకులనే. కేసులు కోర్టులో నిలవలేదు. కొన్నేళ్లకు ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది: 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున. 2013లో హైకోర్టు అదీ చెల్లదంది. డబ్బుతోపాటు కొందరికి సత్ప్రవర్తన ధ్రువపత్రాలు కూడా ఇచ్చారు. అరెస్టయి నిర్దోషులుగా బయటికొచ్చిన మిగతా కుర్రాళ్లకు ఇలాంటి కాగితం ఇచ్చే ఆనవాయితీ లేదు. వాళ్లకు కోర్టు తీర్పు సరిపోతుంది.